వెనక్కి వచ్చిన పీపాలు

సముద్రం దాటిన సరుకులు – 14

గత వారం మచిలీపట్నం రేవులో అద్దకం బట్టల మూటలు ఓడకెక్కడం చూశాం. ఆ పూల బట్టల మీద ఫ్రెంచి ఆడవాళ్లు మోజు పడితే అక్కడి పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. వాళ్ల రాజు 1686లో వాటిని నిషేధించాడు. 1759 దాకా నిషేధం నడిచింది, దాంతో పాటే దొంగ సరుకూ నడిచింది. ఈ వారం ఓడను అటు నుంచి ఇటు తిప్పుదాం. ఫ్రాన్స్‌లో కట్టిన పీపాలు మన సముద్రాల దాకా వచ్చాయి. వాటిలో కొన్ని అమ్ముడుపోక తిరిగి వెళ్లాయి. అలా తిరిగి వెళ్లినందుకే విలువ పెంచుకున్నాయి.

సంతకు తోలిన ఎద్దు సాయంత్రానికి మళ్లీ ఇంటి ముందు నిలబడితే మర్నాడు దాని ధర తగ్గుతుంది. ఎవరూ కొనలేదంటే ఏదో లోపం ఉండే ఉంటుందని ఊరంతా అనుకుంటుంది. కానీ రెండు వందల ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఒక తోటయజమాని ఆ తిరిగొచ్చిన ఎద్దు మెడకే గంట కట్టాడు. ఇది లోకం చూసొచ్చిన ఎద్దు అని చెప్పి అమ్ముకున్నాడు. ఆయన పేరు లూయీ గాస్పార్ దెస్తూర్నెల్. ఆయన అమ్మింది ఎర్ర వైన్. అది పండిన చోటు పేరు కోస్. ఆ రెండు పేర్లూ కలిసిన ‘కోస్ దెస్తూర్నెల్’ ఇవాళ ప్రపంచంలో పేరుమోసిన ఎర్ర వైన్లలో ఒకటి.

గులకరాళ్ల దిబ్బ

ఫ్రాన్స్ నైరుతి మూల బోర్డో నగరం ఉంది. అక్కడ గరోన్ నది ఒడ్డున ఓడలు ఆగుతాయి. నగరం దాటి ఉత్తరంగా కొంత దూరం పోయాక గరోన్‌లో దోర్దోన్ నది కలుస్తుంది. రెండూ కలిసి జిరోంద్ అనే పేరుతో, మన గోదావరి పాయల్లా వెడల్పుగా, బురద రంగులో అట్లాంటిక్ సముద్రానికి నడుస్తాయి. జిరోంద్‌కూ సముద్రానికీ మధ్య నాలుకలా సాగిన నేల పేరు మెడాక్. ఒకప్పుడు అందులో చాలా భాగం చిత్తడి. పదిహేడో శతాబ్దంలో హాలెండ్ నుంచి వచ్చిన ఇంజనీర్లు కాలువలు తవ్వి ఆ నీటిని నదిలోకి మళ్లించాకే గులకరాళ్ల దిబ్బలు ఆరి పైకి తేలాయి.

ఆ గులకరాళ్లే ఆ ప్రాంతపు సిరి. వరి పండించే మనకు గులక నేల అంటే బీడు. ద్రాక్షకు మాత్రం కడుపు నిండా తిండి పెడితే ఆకు పెరుగుతుంది గానీ కాయలో పస ఉండదు. రాళ్లలో నీళ్లు నిలవవు కాబట్టి వేరు లోతుకు పోతుంది. పగలంతా కాగిన రాయి రాత్రి ఆ వేడిని గుత్తికి అందిస్తుంది. పక్కనే అంత పెద్ద నీటిపట్టు ఉండడం వల్ల వసంతంలో మంచు దెబ్బ కూడా తగ్గుతుంది.

మెడాక్‌లో పేరున్న నాలుగు గ్రామాల్లో ఉత్తరాన చిట్టచివరిది సాంత్ ఎస్తెఫ్. దాని దక్షిణపు పొలిమేరలో ఒక చిన్న వాగు. వాగుకు అవతల పొయాక్ గ్రామం, అందులో లోకప్రసిద్ధమైన లఫీత్ తోట. వాగుకు ఇవతల ఇరవై మీటర్ల ఎత్తు కూడా సరిగ్గా లేని దిబ్బ కోస్. అక్కడి గాస్కన్ యాసలో ఆ మాటకు గులకరాళ్ల గుట్ట అనే అర్థం. సాంత్ ఎస్తెఫ్‌లో గులక కింద చాలాచోట్ల బంకమట్టి ఉంటుంది. అది ఎండాకాలంలో తడిని దాచిపెడుతుంది. ఈ ఊరి వైన్ దక్షిణపు ఊళ్ల వైన్ల కంటే ముదురు రంగులో, చిక్కగా, మొదట్లో కాస్త మొరటుగా ఉండడానికి ఆ బంకమట్టే కారణమని అక్కడి వాళ్లు చెబుతారు.

అదృష్టం తెచ్చిన ఏడు

గాస్పార్ 1762లో పుట్టాడు. కోస్ దిబ్బ మీది కొన్ని ద్రాక్ష చెక్కలు వారసత్వంగా ఆయన చేతికి వచ్చింది 1791లో. అంటే ఫ్రెంచి విప్లవం రెండో ఏడు దాటుతున్న కాలం. భూమి చేతికి రావడానికి అంతకంటే ప్రమాదకరమైన ముహూర్తం ఉండదు. వాగు అవతల లఫీత్ తోట యజమాని పిషార్, బోర్డో న్యాయస్థానంలో పెద్ద పదవి చూసినవాడు. ఆయన తలను 1794లో గిలటీన్ తెగ్గొట్టింది. ఆయన తోట ప్రభుత్వపరమై వేలానికి వెళ్లింది. చుట్టూ పెద్ద చెట్లు కూలుతుంటే చిన్న మొక్క గాస్పార్ బతికిపోయాడు.

దెస్తూర్నెల్ కుటుంబానికి పక్కనే పోమీ అనే ఎస్టేటు ఉండేది. కోస్ చెక్కల్లో కాసిన ద్రాక్ష కూడా ఆ పోమీ పీపాల్లోనే కలిసిపోయేది. రెండు పొలాల వడ్లు ఒకే గాదెలో పోసినట్టు. గాస్పార్ పని మొదలుపెట్టింది ఇక్కడే. కోస్ పండును విడిగా పిండి, విడిగా పులియబెట్టి, విడిగా రుచి చూశాడు. గుట్ట మీద కాసినదానికీ మిగతాదానికీ తేడా నాలుకకు తెలిసింది. ఆ దిబ్బ మొత్తం తన సొంతం కావాలన్న పట్టు ఆయనకు అక్కడే పుట్టింది. పక్కవాళ్ల దగ్గర చెక్క చెక్కగా కొంటూ పోయాడు. చేతిలో డబ్బుతో కొన్నది కొంత, అప్పుతో కొన్నది ఎక్కువ.

పీపా లోపల

ఆ వైన్ ఎలా తయారవుతుందో తెలియకపోతే తర్వాతి కథ అందదు. అందుకని ఒక్క పంటను దగ్గర నుంచి చూద్దాం.

మన హైదరాబాద్ తోటల్లో పండే అనాబ్‌షాహీ పండు పెద్దది, పలచటి తోలు, నోట్లో వేసుకుంటే రసమే రసం. వైన్ ద్రాక్ష అలా ఉండదు. కోస్‌లో ముఖ్యమైన రకం కాబెర్నే సోవిన్యో. కాయ చిన్నది, దాదాపు నల్లగా ఉంటుంది. తోలు మందం, లోపల గింజలు. నమిలితే తీపి వెనకాలే వగరు, నేరేడు పండు తిన్నాక నాలుక మందగించినట్టు. రెండో రకం మెర్లో. తోలు కొంచెం పలచన, గుజ్జు మెత్తన, కాబెర్నే కంటే వారం పది రోజులు ముందే పండుతుంది. కాబెర్నే వైన్‌కు వెన్నెముక, మెర్లో కండ. బోర్డోలో ఒక్క రకంతో వైన్ చేయకపోవడానికి రుచి ఒక కారణమైతే, రైతు జాగ్రత్త మరో కారణం. ఒకటి పూతలో ఉండగా వాన కొడితే ఇంకొకటైనా దక్కుతుంది. మన మెట్ట రైతు కందిలో జొన్న కలిపి చల్లేది కూడా ఆ లెక్క మీదే. కోస్ గుట్ట మీది గులకలో కాబెర్నే, సున్నపురాయి తేలిన వాలులో మెర్లో నాటుతారు. సాంత్ ఎస్తెఫ్ ఊరి మిగతా వైన్లతో పోలిస్తే ఇందులో కాబెర్నే మొరటుతనాన్ని మెర్లో బాగా సర్దుతుంది.

సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో గుత్తులు కోస్తారు. పండును చితకకొట్టి పెద్ద తొట్లలో పోస్తారు. తోలు మీదా, తొట్టి అంచుల్లోనూ ఉండే ఈస్ట్ పని మొదలుపెడుతుంది. చక్కెర ఆల్కహాలు అవుతుంది, గాలి బుడగలు ఎగదన్నుతాయి, తోళ్లన్నీ పైకి తేలి మందమైన తెట్టు కడతాయి. ఎర్ర వైన్‌లో రంగు, వగరు అన్నీ ఆ తోళ్లలోనే ఉన్నాయి. అందుకే రసాన్ని తోళ్లతో పాటు రెండు మూడు వారాలు నాననిస్తారు. ఎక్కువ నానితే వైన్ చిక్కబడుతుంది, వగరూ పెరుగుతుంది.

తర్వాత ఓక్ చెక్క పీపాలు. బోర్డో పీపాలో 225 లీటర్లు పడుతుంది, అంటే ఇవాళ్టి లెక్కలో 300 సీసాలు. అలాంటి నాలుగు పీపాలను ఒక తొన్నో అంటారు. బోర్డో బజార్లో పూర్వం ధర చెప్పింది తొన్నో లెక్కనే, మన పుట్టి లెక్క లాగా. పీపాలో ఏడాదిన్నర దాకా ఉంచుతారు. మూడు నెలలకోసారి పై తేటను ఇంకో పీపాలోకి మారుస్తారు. పనివాడు గాజు గ్లాసు వెనక కొవ్వొత్తి పెట్టి ధారను చూస్తుంటాడు. తేటలో మడ్డి నలక కనపడగానే ఆపేస్తాడు. ఖాళీ పీపాలో గంధకపు ఒత్తి వెలిగించి పొగ పట్టిస్తారు. ఆ పొగ పట్టకపోతే వైన్ వెనిగర్ అవుతుంది. ఈ చిట్కా వాళ్లకు నేర్పింది కూడా డచ్చివాళ్లే. చివరికి ఒక్కో పీపాలో నాలుగైదు కోడిగుడ్ల తెల్లసొన గిలకొట్టి పోస్తారు. అది లోపలి వగరును పట్టుకుని అడుక్కు దిగుతుంది. మరి పచ్చసొనలు? అవన్నీ ఊళ్లోకి పోయి కనెలే అనే నల్లంచు తీపి కేకులయ్యాయని బోర్డోవాళ్లు కథ చెప్పుకుంటారు.

అప్పుడు కూడా ఆ వైన్ తాగడానికి సిద్ధంగా ఉండదు. ఆవకాయ కలిపిన రోజే తిన్నవాడికి కారం, ఉప్పు, ఆవ వేరువేరుగా తగులుతాయి, మూడో వారానికి గానీ ఒకటి కావు. సాంత్ ఎస్తెఫ్ వైన్‌కు ఆ మూడు వారాలు పదేళ్లు కావచ్చు.

తోకచుక్క, తాకట్టు

పదేళ్లు ఆగే సరుకు చేసేవాడికి చేతిలో డబ్బు ఆడాలి. గాస్పార్‌కు ఆడలేదు. నెపోలియన్ 1806లో ఇంగ్లండు సరుకు యూరప్‌లో అడుగుపెట్టకూడదని హుకుం వేశాడు. ఇంగ్లండు నౌకాదళం ఫ్రెంచి రేవుల ముందు కాపు కాసింది. బోర్డో వైన్‌కు పాత కాలం నుంచీ పెద్ద ఖాతాదారు ఇంగ్లండే. రేవులో పాచి పట్టింది.

1811లో ఆకాశంలో నెలల తరబడి పెద్ద తోకచుక్క కనిపించింది. ఆ ఏటి ద్రాక్ష పంట యూరప్ అంతటా ఎంత గొప్పగా వచ్చిందంటే, ‘తోకచుక్క వైన్’ అని దాన్ని ఒక తరం పాటు చెప్పుకున్నారు. ఆ ఏడే గాస్పార్ కోస్‌ను అమ్ముకోవాల్సి వచ్చింది. పారిస్ వర్తకుడు ఒకడు కొన్నాడు. తిరిగి కొనుక్కునే హక్కు మాత్రం గాస్పార్ కాగితంలో రాయించుకున్నాడు.

ఆ ఒక్క వాక్యం కోసం పదేళ్లు కూడబెట్టాడు. 1821లో మళ్లీ కోస్‌ను దక్కించుకున్నాడు. అప్పటికి ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. మామూలు మనిషి మనవలకు లెక్కలు అప్పగించే వయసులో ఆయన కొత్త అప్పులు తెచ్చి, కొత్త చెక్కలు కొని, కొత్త బజారు వెతకడం మొదలుపెట్టాడు.

లాల్ షరాబ్

బోర్డోలో వైన్ అమ్మకం ఒక గొలుసు. తోటయజమాని దళారికి చెబుతాడు. దళారి షార్త్రోన్ రేవు వీధిలోని పెద్ద వర్తకుడికి చెబుతాడు. వర్తకుడు తన నేలమాళిగలో పెట్టి, తన చిత్తం వచ్చినట్టు సర్ది, ఓడకెక్కిస్తాడు. ఆ సర్దుడు గురించి ఒక మాట చెప్పాలి. ఇంగ్లిషువాళ్లకు చిక్కటి వైన్ ఇష్టమని, ఆ కాలపు వర్తకులు మెడాక్ వైన్‌లో రోన్ లోయ నుంచి వచ్చిన ఎర్మితాజ్ వైన్, స్పెయిన్ నుంచి వచ్చిన ముదురు వైన్ కొంత కొంత కలిపేవాళ్లు. అది మోసంగా కాదు, మర్యాదగానే నడిచిన పద్ధతి. గుట్ట మీది పండుకూ దిగువ పండుకూ తేడా చూపించడానికి ఒళ్లు గుల్ల చేసుకున్న గాస్పార్‌కు ఈ గొలుసు నచ్చలేదు. తన సరుకును తానే దూరదేశాలకు పంపాలని చూశాడు.

ఎంత దూరం? ఇండియా దాకా.

నెపోలియన్ యుద్ధాలు ముగిశాక మన దేశంలో ఫ్రెంచి జెండా అయిదు చోట్ల మళ్లీ ఎగిరింది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందన్‌నగర్, గౌతమి ఒడ్డున మన యానాం. మచిలీపట్నంలో వాళ్ల వ్యాపారం ఎత్తిపోయినా పరాసుపేట అన్న పేరు మిగిలింది. పరాసులు అంటే తెలుగువాళ్ల నోట ఫ్రెంచివాళ్లే. కానీ వైన్‌కు అసలు గిరాకీ ఈ చిన్న చుక్కల్లో కాదు, కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లోని ఇంగ్లిషు భోజనబల్లల దగ్గర, వాళ్ల అలవాట్లు పట్టుబడిన సంస్థానాల కొలువుల్లో. ఇంగ్లండులో క్లారెట్ అని పిలిచే బోర్డో ఎర్ర వైన్‌ను ఇక్కడి దొరలు ‘లోల్ ష్రాబ్’ అనేవాళ్లు. లాల్ షరాబ్ వాళ్ల నోట్లో అలా నలిగింది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాటకు చోటు కూడా దొరికింది.

సూయజ్ కాలువ అప్పటికి లేదు. బోర్డోలో బయలుదేరిన తెరచాప ఓడ అట్లాంటిక్‌లో భూమధ్యరేఖ దాటి, ఆఫ్రికా కొస చుట్టి, హిందూ మహాసముద్రంలో మళ్లీ భూమధ్యరేఖ దాటి రావాలి. గాలి కలిసొస్తే నాలుగైదు నెలలు. ఈలోపు ఇంకో ఓడ అదే సరుకుతో ముందే రేవు పట్టి ఉంటే ధర పడిపోయేది. కొనేవాడు దొరకని పీపా వచ్చిన ఓడలోనే వెనక్కి పోయేది. అంటే ఆ వైన్ భూమధ్యరేఖను నాలుగు సార్లు దాటి, ఏడాది పాటు ఓడ కడుపులో ఊగి, పుట్టింటికి చేరేది.

ఎస్టేటు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. అలా తిరిగొచ్చిన పీపా ఒకదాన్ని గాస్పార్ తెరిచి చూశాడు. పాడైపోయి ఉంటుందనుకున్న వైన్ వగరు చచ్చి, గుండ్రపడి, ఇంట్లో మిగిలిన దాని కంటే మంచిగా ఉంది. దాంతో తిరిగొచ్చిన సరుకును దాచిపెట్టడం మాని, ‘ఇండియా నుంచి తిరుగు ప్రయాణం’ అనే అర్థం వచ్చేలా ‘రతూర్ దెజాంద్’ అని పేరు పెట్టి, ఆర్ అక్షరం గుర్తు వేసి, విడిగా అమ్మాడు.

ఈ కథను ఎంతవరకు నమ్మవచ్చు? వగరు విరగడానికి కారణం ఉంది. చెక్క సందుల్లోంచి సన్నగా దూరే గాలి, వేడి, ఊగుడు కలిసి వైన్‌లోని టానిన్ అణువుల్ని ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తాయి. అవి బరువెక్కి అడుక్కు దిగితే నాలుకకు తగిలే వగరు తగ్గుతుంది. నేలమాళిగలో ఏళ్లు పట్టే పని ఓడలో నెలల్లో జరుగుతుంది. పోర్చుగీసు మదీరా దీవి వైన్ విషయంలో ఇది ముందే రుజువైంది. దాన్ని కావాలనే ఉష్ణదేశాల సముద్రాల మీద తిప్పి తెచ్చి, ‘చుట్టు తిరిగిన వైన్’ అని ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు. అయితే మదీరాలో బ్రాందీ కలుస్తుంది, ఎండకు ఆగుతుంది. బ్రాందీ కలవని బోర్డో వైన్‌కు అదే వేడి శత్రువు. పది పీపాల్లో కొన్ని మెత్తబడితే కొన్ని ఉడికిపోతాయి, ఇంకొన్ని వెనిగర్ అవుతాయి. కాబట్టి సముద్రం ఆయన వైన్‌ను బాగు చేసిందా అంటే కొన్నిసార్లు చేసి ఉంటుంది. సముద్రం ఆయన వైన్‌కు పేరు తెచ్చిందా అంటే నిస్సందేహంగా తెచ్చింది. గాస్పార్ కనిపెట్టింది కొత్త వైన్ కాదు, దూరానికి ధర కట్టవచ్చన్న సంగతి.

వరహాలతో కట్టిన పగోడాలు

1830ల్లో ఆయన ఆ దూరాన్ని రాయిలో కట్టించాడు. మెడాక్‌లో ప్రతి తోటా తనను తాను షాతో అని పిలుచుకుంటుంది. షాతో అంటే కోట. నిజం కోట కాకపోయినా పలక రాయి కప్పు, రెండు బురుజులు, మేడ మీద యజమాని కుటుంబం ఉండడం మామూలు. గాస్పార్ కోస్ గుట్ట మీద కట్టినదానిలో పడకగది లేదు, వంటిల్లు లేదు. అది వైన్ తొట్లకూ పీపాలకూ మాత్రమే ఇల్లు. పసుపుపచ్చ రాతి గోడ మీద మూడు పగోడా గోపురాలు. కప్పు అంచులు చైనా దేవాలయాల్లా పైకి వంపు తిరిగి ఉంటాయి. లోపలికి పోయే చెక్కిన కలప ద్వారం జాంజిబార్ సుల్తాను రాజభవనం నుంచి వచ్చింది. లవంగాలు, ఏనుగు దంతం, బానిసల వ్యాపారంతో బలిసిన ఆ దీవిని అప్పుడు ఒమాన్ సుల్తాను ఏలుతున్నాడు.

మన కళ్లతో చూస్తే ఇందులో ఇండియా ఎక్కడుంది? చైనా కప్పు, ఆఫ్రికా తలుపు, ఫ్రెంచి గోడ. కానీ ఆనాటి ఫ్రెంచివాడికి ‘ఇండియాలు’ అన్నది ఒక దేశం పేరు కాదు, ఆఫ్రికా కొస దాటాక ఉన్న సుగంధాల లోకమంతటికీ ఒకటే పేరు. 1838లో మెడాక్ మీదుగా వెళ్లిన ఫ్రెంచి రచయిత స్టెండాల్ ఈ భవనాన్ని చూసి ముచ్చటపడ్డాడు. అది గ్రీకు పద్ధతీ కాదు, గోథిక్ పద్ధతీ కాదు, మహా సరదాగా ఉంది, చెప్పాలంటే చైనా ధోరణి అని తన ప్రయాణ పుస్తకంలో రాసుకున్నాడు. ముఖద్వారం మీద కోస్ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదని కూడా గమనించాడు.

పగోడా అన్న మాటతో మనకొక పాత చుట్టరికం ఉంది. మన వరహాను యూరప్ వర్తకులు పిలిచిన పేరు పగోడా. మచిలీపట్నంలో అద్దకం బట్టలకు లెక్క కట్టింది ఆ పగోడాల్లోనే. మద్రాసు కంపెనీ ప్రభుత్వం 1818లో రూపాయిని తెచ్చి దాన్ని పక్కన పెట్టింది. కోస్ గోపురాలు లేచే నాటికి మన బంగారు పగోడా చెలామణీ నుంచి పోయింది. ఆ పేరు మాత్రం ఫ్రాన్స్‌లో ఒక గుట్ట మీద రాయిగా నిలబడింది.

గాస్పార్ వైన్‌తో అరబ్బీ గుర్రాలను మారకం చేసేవాడని, కొలువులకు విందులు పంపేవాడని కథలున్నాయి. చుట్టుపక్కల వాళ్లు ఆయనకు ‘సాంత్ ఎస్తెఫ్ మహారాజు’ అని పేరు పెట్టారు. అందులో మెచ్చుకోలు ఎంతో, వెటకారం అంత.

మహారాజు తోట తీసుకుంది ఎవరు

గుట్ట నిండింది, గోపురాలు లేచాయి, పీపాలు సముద్రాలు దాటాయి. వడ్డీ కూడా దాటుతూనే ఉంది. 1852లో, తొంభై ఏళ్ల వయసులో, గాస్పార్ కోస్‌ను రెండోసారి అమ్ముకున్నాడు. కొన్నవాడు లండన్ బ్యాంకరు మార్టిన్స్. ఈసారి తిరిగి కొనే హక్కు రాసుకునే వయసు లేదు. తన తోటలో తాను ఉండనిస్తే చాలనుకున్నాడు. మరుసటి ఏడు, 1853లో, పోయాడు.

ఇంకో రెండేళ్లు బతికి ఉంటే ఒక కాగితం చూసేవాడు. 1855లో మూడో నెపోలియన్ చక్రవర్తి పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టాడు. బోర్డో వైన్లను వరుస పెట్టి చూపించమన్నారు. బోర్డో వాణిజ్య మండలి ఆ పని దళారులకు అప్పగించింది. వాళ్లు కొత్తగా నాలుకలకు పని చెప్పలేదు. దశాబ్దాలుగా ఏ తోట తొన్నో ఎంతకు అమ్ముడుపోయిందో తమ ఖాతా పుస్తకాలు తిప్పి చూశారు. ధరను బట్టి అయిదు తరగతులు చేశారు. మొదటి తరగతిలో నాలుగే. వాగు అవతలి లఫీత్, ఆ పొయాక్‌లోదే లతూర్, మార్గో, బోర్డో పొలిమేరలోని ఓ బ్రియోన్. కోస్ దెస్తూర్నెల్ రెండో తరగతిలో నిలిచింది. సాంత్ ఎస్తెఫ్ ఊరికి అంతకంటే పై చోటు దక్కలేదు. ఆ రెండో తరగతిలో ఆ ఊరి నుంచి ఇంకొక్క తోటకే చోటుంది, అది మోన్‌త్రోజ్.

ఆ జాబితా నూట డెబ్భై ఏళ్లుగా దాదాపు కదలలేదు. 1973లో మూతోన్ రోత్‌షీల్డ్‌ను రెండు నుంచి ఒకటికి ఎక్కించారు, చెప్పుకోదగ్గ మార్పు అంతే. ఇక్కడే చరిత్ర గాస్పార్‌తో ఆడుకుంది. ఆయన ఒళ్లూ ఇల్లూ గుల్ల చేసుకుని పెంచినది ధర. ఆ ధరే జాబితాలో హోదా అయింది. హోదా శాశ్వతమయ్యే నాటికి కోస్ ఇంగ్లిషు బ్యాంకరుది.

సూయజ్ తర్వాత

మార్టిన్స్ 1869లో తోటను వదిలించుకున్నాడు. ఆ నవంబరులోనే సూయజ్ కాలువ తెరిచారు. ఆఫ్రికా చుట్టు తిరగాల్సిన పని పోయింది, ఆవిరి ఓడల రాకతో ఊగుడూ తగ్గింది. వైన్ సీసాల్లోకెక్కి త్వరగా, భద్రంగా చేరడం మొదలైంది. గాస్పార్ ధర కట్టిన దూరాన్ని ఫ్రెంచివాళ్లే తవ్వి తీసేశారు. ‘ఇండియా చూసొచ్చిన’ పీపా ఇక కథగానే మిగిలింది.

తర్వాతి యజమానుల వరుస చకచకా చెప్పుకుందాం. బాస్క్ ప్రాంతపు ఎరాజు కుటుంబం, ఓస్తీన్ సోదరులు, మోన్‌త్రోజ్‌ను కూడా ఏలిన షర్మొలూ. 1917లో బోర్డో వర్తకుడు ఫెర్నాన్ జినెస్తే కొన్నాడు. వర్తకులకు దూరంగా ఉండాలనుకున్నవాడి తోట చివరికి వర్తకుడి చేతికే వచ్చింది. జినెస్తే మనవడు బ్రూనో ప్రాత్స్ 1970ల నుంచి తోటను మళ్లీ నిలబెట్టాడు. 2000లో స్విట్జర్లాండ్‌లో ఉండే వ్యాపారి మిషెల్ రెబియే కొన్నారు. ఇవాళ తోట దాదాపు 100 హెక్టార్లు, అంటే మన లెక్కలో 250 ఎకరాలు.

2008లో ఆ పగోడాల వెనక కొత్త వైన్ శాల వచ్చింది. దానిలో మర నీళ్లపంపుల చప్పుడు వినపడదు. పంపుతో తోడితే తోళ్లు నలిగి చేదు దిగుతుందని, పండునూ రసాన్నీ పై నుంచి కిందికి దానంతటది జారేలా కట్టారు. కింది నుంచి పైకి ఎక్కాల్సిన చోట తొట్టినే లిఫ్టులో ఎక్కిస్తారు. 72 స్టీలు తొట్లు వరుసగా, శంకువు ఆకారంలో ఉంటాయి. ఒక్కో చెక్కలో కాసిన పండుకు ఒక్కో తొట్టి. ఆ ఊళ్లో 1811కు ముందే ఒక మనిషి గాదెను రెండుగా విడగొట్టి చూశాడు కదా, ఆ పనినే ఇప్పుడు 72 గాదెలతో చేస్తున్నారు.

సీసా చీటీ మీద పగోడాల బొమ్మ ఉంటుంది. తొట్లలో అసలు పేరుకు చాలనిదాన్ని విడిగా సీసాల్లో నింపుతారు. 1994 నుంచి ఆ రెండో వైన్‌ను ‘పగోడాలు’ అనే పేరుతోనే అమ్ముతున్నారు. మన వరహా ఇంకా అక్కడ చెలామణీలోనే ఉందన్న మాట.

ఇప్పుడు ఆ గుట్ట ఎక్కి చూస్తే వాగు అవతల లఫీత్ తోటలు కనిపిస్తాయి, తూర్పున జిరోంద్ మెరుస్తుంది. యజమాని ఉండడానికి గది లేని కోట, అందులో ఆయన పేరు మాత్రం ఉంటుంది. ఎద్దు అమ్ముడుపోయింది, ఇల్లు అమ్ముడుపోయింది. మెడలో కట్టిన గంట మాత్రం ఇంకా మోగుతోంది.

(వచ్చే వారం: 1860ల్లో రోన్ లోయ దిగువన ద్రాక్ష తీగలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. ఆకు చూశారు, కాండం చూశారు, చివరికి వేరు తవ్వి చూశారు. వేరుకు అంటుకుని గోరు కొనంత కూడా లేని పసుపు పురుగులు. అవి కూడా సముద్రం దాటి వచ్చిన సరుకే.)